కాణిపాకం మాటా, విన్నమాటా? గ్రూపులో సలహా అడగడానికి, నవ్వించడానికి ఒక తిరుపతి మార్గదర్శి

ఉదయం ఆరుంబావుకి మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పడింది. "మంచి డాక్టర్ ఎవరైనా తెలుసా?" అంతే. ఏ జబ్బు, ఎవరికి, ఎప్పటినుంచి, ఏమీ లేదు. ఏడు గంటలకల్లా దాని కింద పదిహేను వచ్చి చేరాయి. ఆరు గులాబీ పూలు, రెండు "ఏమైందన్నా?"లు, ఒక పళ్ల డాక్టర్ విజిటింగ్ కార్డు, "నీకు పశువుల డాక్టరే కరెక్టు" అని ఒక జోకు, ఆ జోకుకి నాలుగు నవ్వు బొమ్మలు, చివర్లో ఎవరో ఫార్వర్డ్ చేసిన వేపాకు వైద్యం. అడిగినాయన వాళ్లమ్మకి మోకాళ్ల నొప్పి. ఆ సంగతి మాకు మూడు రోజుల తర్వాత పాల బూత్ దగ్గర ఆయన కలిసినప్పుడు తెలిసింది.

ఆ గ్రూపుకి అడ్మిన్‌ని నేనే. ఎవరూ ఎన్నుకోలేదు. యూనివర్సిటీ గ్రౌండ్‌లో పొద్దున్నే నడిచే పన్నెండు మందిమి, నడక అయ్యాక బెంచీ మీద కూర్చుని పిచ్చాపాటీ మాట్లాడుకునేవాళ్లం. అందరి నంబర్లూ నా ఫోన్‌లో ఉన్నాయని గ్రూపు నన్నే పెట్టమన్నారు. పన్నెండు మంది ఇప్పుడు రెండొందల నలభై అయ్యారు. బెంచీ మీద మాట్లాడుకోవడానికి ఎవరికీ రూల్స్ అక్కర్లేదు. ఎదుటివాడి మొహం చూస్తే ఎంతవరకు అనొచ్చో తెలిసిపోతుంది. ఫోన్‌లో ఆ మొహం కనపడదు. అందుకని ఎదురుదెబ్బలు తిని నేర్చుకున్న ఏడు సంగతులు వరసగా చెబుతాను. అపార్ట్‌మెంట్ గ్రూపయినా, పదో తరగతి బ్యాచ్ గ్రూపయినా, చుట్టాల గ్రూపయినా ఇవి పనికొస్తాయి.

మొదటి అడుగు: చేరిన వారం గమ్మున ఉండండి

టీ బంకు దగ్గరికి కొత్తగా వచ్చినవాడు మొదటిరోజే బెంచీ మధ్యలో కూర్చుని పక్కవాడి చేతిలో పేపర్ లాక్కోడు. టీ తాగుతూ వింటాడు. ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారు, ఎవరికి వేళాకోళం నచ్చుతుంది, ఎవరికి నచ్చదు అన్నీ గమనిస్తాడు. గ్రూపులో కూడా ఒక వారం అలాగే ఉండండి. పాత మెసేజ్‌లు కొత్తగా చేరినవాళ్లకి మామూలుగా కనపడవు కాబట్టి, గ్రూపు గాలి ఎటు వీస్తుందో వారం చదివితేనే తెలుస్తుంది. ఏ వేళకి జనం ఉంటారో కూడా చూసుకోండి. మా దగ్గర పొద్దున ఆరు నుంచి ఏడు, రాత్రి భోజనాలయ్యాక తొమ్మిది నుంచి పది. మధ్యాహ్నం రెండింటికి అడిగిన ప్రశ్న సాయంత్రానికి పూల కింద కనపడకుండా పోతుంది.

పిలుపు దగ్గర మా ఊరికి ఒక సుఖం ఉంది. "సామీ" అనే మాట ఆటో డ్రైవర్ నుంచి బ్యాంకు మేనేజర్ దాకా ఎవరికైనా సరిపోతుంది. పేరు తెలియకపోయినా, వయసు తెలియకపోయినా "సామీ" అంటే ఎవరూ తప్పు పట్టరు. ఆడవాళ్లయితే అక్కా, మేడమ్. "నువ్వు" మాత్రం ఎదుటివాళ్లు చనువిచ్చాకే. ప్రొఫైల్ ఫొటోలో వెంకటేశ్వరస్వామి ఉంటే ఆ నంబర్ వెనక ఇరవై ఏళ్ల కుర్రాడున్నాడో, డెబ్బై ఏళ్ల తాతగారున్నారో మీకెలా తెలుస్తుంది? మా గ్రూపులో సగం మంది ఫొటో స్వామివారే.

ఇంకో ముఖ్యమైన సంగతి, తెలుగుని తెలుగు అక్షరాల్లోనే రాయండి. ఒకసారి రాత్రి తొమ్మిదిన్నరకి ఒక తల్లి ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన మెసేజ్‌ని మేమందరం "మా అత్త పోయింది, రేపు పరీక్ష, ఏం చేయాలో తెలియడం లేదు" అని చదువుకున్నాం. నిమిషంలో ఓం శాంతులు మొదలయ్యాయి. ఒకాయన "పెద్దకర్మ ఎప్పుడు?" అని కూడా అడిగేశాడు. ఆమె కంగారుగా ఫోన్ చేసింది. పోయింది అత్త కాదు, అట్ట. పిల్లాడు పరీక్షలో కింద పెట్టుకుని రాసుకునే అట్ట. అప్పటికి షాపులు మూసేశారు, ఎవరింట్లోనైనా ఒకటి ఉంటే ఇస్తారేమోనని అడిగింది. వాళ్ల అత్తగారు పక్క గదిలో సీరియల్ చూస్తా ఉన్నారు. తెలుగు కీబోర్డు కష్టమనిపిస్తే మైకు గుర్తు నొక్కి మాట్లాడండి, అదే టైప్ చేస్తుంది. పంపేముందు ఒకసారి చదువుకోండి. అది కూడా అత్తని అట్ట చేయగలదు.

రెండో అడుగు: ఇది గ్రూపులో అడిగేదేనా?

పాము కరిస్తే అడగాల్సింది గ్రూపుని కాదు. 108కి ఫోన్ చేయాలి, పెద్దాసుపత్రికి పోవాలి. మాది శేషాచలం కింద కాలనీ, వానాకాలంలో పాములు మామూలే. ఫొటో పెట్టి "ఇది ఏ పాము?" అని ఓటింగ్ జరిపే టైమ్ కాదది. ఆన్‌లైన్‌లో డబ్బు పోయినా అంతే. వెంటనే 1930కి చేయాలి, ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. మా దగ్గర ఒకాయన కొండ మీద గది కోసం గూగుల్‌లో వెతికి, దొంగ వెబ్‌సైట్‌లో డబ్బు కట్టేశాడు. మోసమని తెలిశాక గ్రూపులో "ఇప్పుడేం చేయాలి?" అని అడిగాడు. నలభై నిమిషాలు ఆయన్ని ఓదార్చేవాళ్లు, తిట్టేవాళ్లు, ప్రభుత్వాన్ని తిట్టేవాళ్లు. నలభై ఒకటో నిమిషంలో ఒక ఇంజనీరింగ్ పిల్ల 1930 అని నంబర్ పెట్టింది. ముందు ఫోన్, తర్వాత గ్రూపు.

ఇంటి గుట్టు సంగతులు రెండొందల నలభై మంది ముందు పెట్టకండి. "నా ఫ్రెండ్ ఒకడికి భార్యతో గొడవ, ఏం చేస్తే బాగుంటుంది?" అంటే ఆ ఫ్రెండ్ ఎవరో చదివిన ప్రతి ఒక్కరికీ తెలుసు. అలాంటివి మీకు నమ్మకమున్న ఒకరికి విడిగా చెప్పుకోండి. మనసు మరీ భారంగా ఉండి ఎవరితోనూ చెప్పుకోలేకపోతే 14416కి ఫోన్ చేయొచ్చు. కేంద్ర ప్రభుత్వ టెలీమానస్ నంబర్ అది, డబ్బులేమీ తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు.

మూడో అడుగు: ప్రశ్నలో ఐదు ముక్కలు పెట్టండి

ఎక్కువ మంది ఇక్కడే తప్పుతారు. సమాధానం రాలేదంటే గ్రూపులో తెలిసినవాళ్లు లేక కాదు. ప్రశ్నలో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. తెలిసినవాడికి మీరు అడిగేది తనకు తెలిసిన సంగతేనని తెలియాలి కదా.

ఎవరికి, ఎక్కడ, ఎప్పటిలోగా, ఎంతలో, ఇప్పటిదాకా ఏం చేశారు. ఇవే ఐదు ముక్కలు. మోకాళ్ల నొప్పి ఆయన పాల బూత్ దగ్గర కలిశాక, ఇద్దరం అక్కడే నిలబడి ప్రశ్నని మళ్లీ రాశాం. ఆయన చెబుతుంటే నేను టైప్ చేశాను.

"మోకాలి నొప్పి డాక్టర్ కోసం. మా అమ్మకి 68 ఏళ్లు. రెండు నెలలుగా కుడి మోకాలు, మెట్లు ఎక్కలేకపోతోంది. ఒకచోట ఎక్స్‌రే తీసి ఆపరేషన్ అన్నారు. ఒప్పుకునే ముందు ఇంకొకరికి చూపిద్దామని. తిరుపతిలోనే అయితే మేలు, ఆమె దూరం ప్రయాణం చేయలేదు. ఈ నెలాఖరులోగా చూపించాలి. ఎముకల ఆసుపత్రి బర్డ్‌కి ఈ మధ్య ఎవరైనా వెళ్లారా? ఓపీకి ఎన్ని గంటలకు వెళ్తే మంచిది? బయట అయితే ఫీజు ఎంత?"

రాత్రి తొమ్మిదికి పంపాడు. పదిలోపు ఏడు సమాధానాలు, ఏడూ పనికొచ్చేవే. బర్డ్‌కి వాళ్ల నాన్నని తీసుకెళ్లినాయన ఓపీ లైను ఎక్కడ మొదలవుతుందో, పాత ఎక్స్‌రే పట్టుకెళ్తే ఎంత పని తప్పుతుందో రాశాడు. ఒకామె ఆపరేషన్ లేకుండా ఫిజియోథెరపీతో వాళ్లత్తకి తగ్గిందని, కానీ అందరికీ తగ్గుతుందని చెప్పలేనని రాసింది. మొదటి ప్రశ్న కింద పశువుల డాక్టర్ జోకు వేసిన మనిషే ఈసారి "రేపు నా కారు ఖాళీ, అమ్మని నేను తీసుకెళ్తా" అన్నాడు. మనిషి అదే, మారింది ప్రశ్న.

మెసేజ్ మొదటి మాట పని పేరు అయ్యేలా చూసుకోండి. "హలో ఫ్రెండ్స్, అందరూ ఎలా ఉన్నారు, చిన్న డౌట్" అని మొదలుపెడితే నోటిఫికేషన్‌లో అదే కనపడుతుంది, ఎవరూ తెరవరు. "మోకాలి నొప్పి డాక్టర్", "ప్లంబర్", "ఒకటో తరగతి స్కూలు", "బైకు ఇన్సూరెన్స్", ఇలా మొదలైతే తెలిసినవాళ్లు ఆగి చదువుతారు. ఆర్నెల్ల తర్వాత ఇంకొకరికి అదే అవసరం వస్తే గ్రూపులో "ప్లంబర్" అని వెతికితే దొరుకుతుంది. వాయిస్ మెసేజ్ అయితే వెతకడానికి కుదరదు. పైగా నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్‌లో అసలు ప్రశ్న మూడో నిమిషంలో, కుక్కర్ విజిల్ వెనక ఉంటుంది.

తిరుపతిలో ఉంటే తప్పని ప్రశ్న

"మీరు తిరుపతిలోనే కదా, దర్శనం ఏమైనా ఇప్పించగలరా?" ఈ మాట వినని ఇల్లు ఈ ఊళ్లో లేదు. పెళ్లికి పిలవని చుట్టాలు కూడా దీనికి ఫోన్ చేస్తారు. అదే ప్రశ్న చుట్టాల నుంచి మనకి, మన నుంచి గ్రూపుకి వచ్చి పడుతుంది. ఇరవై ఏళ్లుగా కొండ కింద ఉన్నాను, నాకే ఎవరైనా ఇప్పిస్తారేమోనని చూస్తా ఉండాను.

దీనికి ఒక సమాధానం రాసి పెట్టుకున్నాను. ఎవరడిగినా అదే పంపుతాను, మీరూ వాడుకోవచ్చు. మూడొందల రూపాయల టికెట్లు టీటీడీ సొంత వెబ్‌సైట్‌లో, యాప్‌లో దొరుకుతాయి. నెలకోసారి, దాదాపు మూడు నెలల ముందుగానే విడుదల చేస్తారు, తొందరగా అయిపోతాయి. అవి లేకపోతే ఉచిత సర్వదర్శనం టైమ్ స్లాట్ టోకెన్లు తిరుపతిలో శ్రీనివాసం, విష్ణునివాసం, భూదేవి కాంప్లెక్స్‌లలో ఇస్తారు, ఆధార్ ఉండాలి. అవీ అయిపోతే టోకెన్ లేకుండా తిరుమలలో క్యూలో నిలబడొచ్చు, ఎంతసేపు పడుతుందో ఆ రోజు రద్దీని బట్టి ఉంటుంది. నడిచి వెళ్తామంటే అలిపిరి దారి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు 2,388. మోకాలి నొప్పి ఉన్నవాళ్లకి రెండో దారి చిన్నదే కానీ మెట్లు నిటారు. 2024 డిసెంబరు నుంచి నెలలో మొదటి మంగళవారం స్థానికులకి దర్శనం పెట్టారు. అది మనకే, ఆధార్‌లో ఇక్కడి అడ్రసు ఉన్నవాళ్లకి. విజయవాడ బావగారికి పనికిరాదు.

చివర్లో ఒక ముక్క కలుపుతాను: "టికెట్ ఇప్పించలేను గానీ, ఇంటికొస్తే రాగి సంగటి, ఊరిబిండి పెట్టించగలను." నిరాశపడిన చుట్టం కూడా నవ్వుతాడు. గ్రూపులో ఎవరైనా "నా దగ్గర సిఫారసు లెటర్ ఉంది, మనిషికి ఇంత" అంటే మాత్రం నవ్వే పనిలేదు. అప్పుడే తీసేస్తాను, కారణం కూడా రాస్తాను.

నాలుగో అడుగు: సలహా ఇచ్చేటప్పుడు కాణిపాకం గుర్తుపెట్టుకోండి

మా చిత్తూరు వైపు ఎవరైనా గట్టిగా ఒక మాట చెబితే "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అంటారు. వరసిద్ధి వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం చేసినవాడికి నిలకడ ఉండదని నమ్మకం. బాకీ తగాదాల దగ్గర్నుంచి తాగుడు మానతాననే ఒట్లదాకా అక్కడికే పోతాయి. ఆ మాటని మేం గ్రూపులోకి తెచ్చుకున్నాం.

ఎవరైనా సలహా చెప్పగానే ఇంకొకరు "కాణిపాకమా?" అని అడుగుతారు. తన కళ్లతో చూసింది, తన డబ్బుతో చేయించుకుంది అయితే "కాణిపాకం" అని జవాబు. ఎవరో చెబితే విన్నదైతే "విన్నమాట". రెండూ పనికొస్తాయి, కానీ ఏది ఏదో తెలియాలి. "ఆ స్కూలు బాగుంటుంది" అని పది మంది అంటే గొప్పగా ఉంటుంది. కాణిపాకమా అని అడిగితే పదిలో పిల్లల్ని అక్కడ చదివించింది ఒక్కరే అని తేలుతుంది. ఆ ఒక్కరినే అడగాలి: ఫీజు కాకుండా ఇంకా ఏమేం వసూలు చేశారు, బస్సు ఎన్నింటికి వస్తుంది, పిల్లాడు పొద్దున్నే ఏడుస్తా పోతాడా, నవ్వుతా పోతాడా?

మందుల పేర్లు మాత్రం కాణిపాకమైనా రాయొద్దు. మీ షుగర్ మాత్ర మీది, వాళ్ల షుగర్ వాళ్లది.

ఈ అలవాటు అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చింది చిరుతల దగ్గర. కొండ కింద ఉన్నందుకు యూనివర్సిటీ వైపు అప్పుడప్పుడు చిరుతలు రావడం నిజమే. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నపాపని పొట్టన పెట్టుకుంది. అప్పటినుంచి ఈ ఊళ్లో చిరుత మాట తేలిగ్గా తీసుకునేది కాదు. అందుకే పాత వీడియోలు తిప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. ఎక్కడిదో అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో తిరిగే చిరుతని "మన రోడ్డు, ఇప్పుడే" అని పంపుతారు, ఆ సాయంత్రం ట్యూషన్‌కి పోయిన పిల్లల తల్లులకి ప్రాణం పోయినంత పనవుతుంది. మెసేజ్ పైన రెండు బాణాల గుర్తు ఉంటే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. వాట్సాప్ కూడా అలాంటిదాన్ని ఒకసారికి ఒక్కరికే పంపనిస్తుంది. మా గ్రూపులో చిరుత సంగతి రాయాలంటే ఎక్కడ, ఎన్నింటికి, ఎవరు చూశారు అనే మూడూ ఉండాలి. లేకపోతే తీసేస్తాను. ఒకసారి నిజంగానే ఒక వాచ్‌మన్ చూశాడు. "కాణిపాకం, నేనే చూసినా, నీళ్ల ట్యాంక్ వెనకాల, తెల్లారుజామున 4:40" అని రాశాడు. నేను అటవీశాఖకి ఫోన్ చేశాను, ఆ రోజు ఎవరమూ నడకకి పోలేదు.

ఐదో అడుగు: చెప్పి నవ్వండి

ఇది నా తప్పు కథ.

మా అబ్బాయికి లెక్కలు చెప్పిన టీచరమ్మ ఉన్నారు, రిటైరయ్యారు. ఒక సాయంత్రం గ్రూపులో రాశారు: "ఫోన్‌లో క్యూఆర్ వచ్చింది. స్కాన్ చేస్తే పిన్ అడుగుతా ఉంది. కొట్టాలా?" నాకు అందులో జోకు కనపడింది, ప్రశ్న కనపడలేదు. "టీచరమ్మా, ఈ సబ్జెక్టులో మీరు ఫెయిల్. సప్లిమెంటరీ రాయండి" అని కొట్టాను. ముప్పై ఒక్క నవ్వు బొమ్మలు పడ్డాయి. లెక్క ఎందుకు గుర్తుందంటే ఆ రాత్రి చాలాసార్లు చూసుకున్నాను, ముందు సంతోషంగా, తర్వాత సిగ్గుగా. తొమ్మిదింటికి ఆమె గ్రూపు నుంచి వెళ్లిపోయినట్టు చిన్న బూడిదరంగు అక్షరాల్లో కనపడింది.

పొద్దున్నే వాళ్లింటికి పోయాను. కాఫీ ఇచ్చారు, కోపంగా ఏమీ లేరు. ఫోన్ తీసి చూపించారు. పాత సోఫా అమ్ముతామని ఆన్‌లైన్‌లో పెట్టారట. ఎవడో కొంటానని ఫోన్ చేసి, "ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొడితే ఎనిమిది వేలు మీ ఖాతాలో పడతాయి" అన్నాడు. ఎందుకో అనుమానం వచ్చి ఆగి, గ్రూపులో అడిగారు. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ కొట్టనక్కర్లేదు, పిన్ కొట్టామంటే డబ్బు మన ఖాతాలోంచి పోతున్నట్టే. ఈ ఒక్క వాక్యం గ్రూపులో కనీసం వందమందికి తెలుసు. నా జోకు పడ్డాక ఒక్కరూ రాయలేదు, అందరూ నవ్వడంలో ఉన్నారు. ఆమె తన అనుమానంతోనే డబ్బు కాపాడుకున్నారు, మా సాయంతో కాదు.

గేటు దగ్గరికి వచ్చి ఒక్క మాటన్నారు. "నవ్వడం తప్పు కాదు నాయనా. చెప్పి నవ్వచ్చు గదా?"

అప్పటినుంచి మా గ్రూపులో రాసిపెట్టిన రూలు ఇదొక్కటే. ప్రశ్న కింద మొదటి మాట సమాధానం కావాలి, లేదా సమాధానం కోసం అడిగే ప్రశ్న కావాలి. ఆ తర్వాత ఎన్ని జోకులైనా వేసుకోండి. నిజానికి సమాధానం తర్వాత వచ్చే జోకే ఎక్కువ పేలుతుంది. అడిగినవాళ్లకి టెన్షన్ పోయుంటుంది, వాళ్లు కూడా కలిసి నవ్వుతారు.

ఇక ఏ జోకు వేయాలి? మా ఊళ్లో నవ్వుకి కొదవలేదు. మే నెల ఎండ, నవ్వించడానికి అదొక్కటి చాలు. బ్రహ్మోత్సవాలకి పదిహేను మంది చుట్టాలు దిగితే బాత్రూమ్ ముందు కనపడే సర్వదర్శనం క్యూ. ఎవరు ఏ ఊరు పోయినా "లడ్డూ తెచ్చావా?" అని ముందు చేతులు చూసే జనం. వీటన్నిటిలో దెబ్బ తగిలేది పరిస్థితికి, లేదా మనకే. మన మీద మనం వేసుకునే జోకు కాస్త తప్పినా ఎవరికీ గాయం కాదు. నా బట్టతల మీద నేను వేసుకున్న జోకులు గ్రూపులో ఒక సీరియల్‌లా నడుస్తున్నాయి. "గుండు కొట్టించుకోవడానికి కల్యాణకట్టకి పోతే, నీకు ఆల్రెడీ అయిపోయింది కదన్నా అని తిప్పి పంపారు" అనేది వాటిలో కాస్త పేరు తెచ్చుకుంది. అదే మాట ఇంకొకరు నన్నంటే? సంవత్సరాల పరిచయం ఉన్నవాడంటే నవ్వుతాను. నిన్న చేరినవాడంటే నవ్వను.

ఒంటి రంగు, లావు, కులం, ఒకరింట్లో పిల్లలు లేకపోవడం, పెళ్లి కాకపోవడం, వీటి జోలికి పోకండి. యాస జోలికి కూడా. మా గ్రూపులో నెల్లూరు నుంచి వచ్చినవాళ్లున్నారు, ఇంట్లో అరవం మాట్లాడేవాళ్లున్నారు, కుప్పం వైపు నుంచి వచ్చి మూడు భాషలు కలిపి కొట్టేవాళ్లున్నారు. విజయవాడ పోతే మన "వస్తా ఉండా, పోతా ఉండా" విని వాళ్లు నవ్వుతారు, అది మనకెలా ఉంటుందో తెలుసు కదా.

"మన ఊళ్లో తిట్టుకోవడం మామూలే కదా, జాతరలో తిట్టరా?" అని ఒక కుర్రాడు నాతో వాదించాడు. మంచి ప్రశ్నే. మే నెలలో వచ్చే మా గంగమ్మ జాతరలో తెల్లటి నామంకొమ్ము పూసుకుని బైరాగి, కుంకుమ పూసుకుని బండ, బొగ్గు పూసుకుని తోటి వేషాలు వేస్తారు. వేషంలో ఉన్నవాడు ఎవరిని ఏమన్నా ఎవరూ పట్టించుకోరు. కానీ అది ఆ కొద్దిరోజులే. అదీ వేషం కట్టినవాడికే, అమ్మవారి పేరు మీదే. జాతర అయ్యాక ఒళ్లు కడుక్కుంటే రంగుతో పాటు తిట్లు కూడా పోతాయి, మర్నాడు ఇద్దరూ ఒకే బంకు దగ్గర టీ తాగుతారు. గ్రూపులో అన్న మాటకి కడుక్కోవడం లేదు. స్క్రీన్‌షాట్ తీసి దాచిపెట్టుకున్నవాడు మూడేళ్ల తర్వాత కూడా చూపిస్తాడు. ఈ సంగతి చెబితే ఆ కుర్రాడు "అయితే మే నెల దాకా ఆగుతాలే అన్నా" అన్నాడు. అది మంచి జోకు.

ఫార్వర్డ్ జోకుల గురించి ఒకటే మాట. మీరు చదివి నవ్విన జోకుని మిగతా రెండొందల ముప్పై తొమ్మిది మంది పొద్దున్నే నవ్వేసి ఉంటారు. మీ ఇంట్లో నిన్న జరిగింది రాయండి. పొద్దున్నే పూలు పంపేవాళ్ల కోసం విడిగా "శుభోదయం" అని ఒక గ్రూపు పెట్టాం. అక్కడ నలభై మంది ఎంతో క్రమశిక్షణతో పూలు పంపుకుంటున్నారు, ఒక్క గొడవ లేదు. నాకే కొంచెం అసూయగా ఉంది.

ఆరో అడుగు: మాట తప్పితే

పంపిన పదిహేను నిమిషాల్లోపు మెసేజ్‌ని మార్చుకోవచ్చు. రెండు రోజులకి పైన ఇంకో కొద్ది గంటల వరకూ అందరి ఫోన్లలోంచీ తీసేయొచ్చు. కానీ గమ్మున తీసేసి ఊరుకుంటే ఏం తిట్టారోనని అందరూ ఊహించుకుంటారు. అసలు తిట్టు కంటే వాళ్ల ఊహ పెద్దది. తీసేసి, "తొందరపడి రాశాను, క్షమించండి" అని ఒక్క లైను పెట్టండి. అన్నది గ్రూపులో కాబట్టి క్షమాపణ కూడా గ్రూపులోనే. ఆ తర్వాత వివరణలన్నీ విడిగా, వీలైతే ఫోన్‌లో, ఇంకా వీలైతే ఎదురుగా. ఇద్దరు వాదించుకుంటుంటే మధ్యలో దూరి నవ్వు బొమ్మలు పెట్టేవాళ్లుంటారు, వాళ్లే అసలు పెట్రోలు పోసేది. ఎన్నికలొచ్చినప్పుడు మాత్రం నేను నెలరోజులు అడ్మిన్లు మాత్రమే రాసేలా మార్చేస్తాను. పిరికితనం అనుకోండి, పర్వాలేదు.

ఏడో అడుగు: తిరిగొచ్చి చెప్పండి

సలహా తీసుకుని మాయమయ్యేవాళ్లే ఎక్కువ. సలహా ఇచ్చినవాడు మాత్రం ఎదురుచూస్తుంటాడు. ప్లంబర్ నంబర్ ఇచ్చాను, లీకు ఆగిందా లేదా? స్కూలు గురించి అంత రాశాను, చేర్చారా లేదా? మోకాళ్ల నొప్పి ఆయన మూడు వారాల తర్వాత రాసిన మెసేజ్ మా గ్రూపులో నెలరోజులు పిన్ చేసి పెట్టాం. ఏ రోజు వెళ్లారు, ఎంతసేపు పట్టింది, ఏమన్నారు (ఇప్పుడప్పుడే ఆపరేషన్ వద్దన్నారట), అమ్మ ఏ వ్యాయామం చేస్తోంది, మొత్తం ఎంత ఖర్చయింది, అన్నీ. చివర్లో "కాణిపాకం" అని రాశాడు. ఆ తర్వాత మోకాళ్ల గురించి అడిగినవాళ్లందరికీ అదే చూపించాం. సలహా పని చేయకపోయినా వచ్చి చెప్పాలి. "మీరిచ్చిన నంబర్ అతను రెండుసార్లు వస్తానని రాలేదు" అని మర్యాదగా రాస్తే నంబర్ ఇచ్చినవాడు నొచ్చుకోడు, ఇంకెవరికీ ఇవ్వడు.

టీచరమ్మ నెలరోజుల తర్వాత మళ్లీ గ్రూపులో చేరారు. నేను అడగలేదు, వాళ్ల మనవరాలు చేర్చింది. చాలారోజులు ఏమీ రాయలేదు.

మొన్న మార్చిలో నేను ఆఫీసు హడావిడిలో ఉండి గ్రూపులో రాశాను: "మామిడి పిందెలు రాలిపోతున్నాయి. ఏం చేయాలి?" రెండు నిమిషాల్లో ఆమె నుంచి జవాబు వచ్చింది. "కొన్ని పిందెలు రాలడం మామూలే, కంగారుపడొద్దు. నేల ఎండిపోతే ఎక్కువ రాలతాయి. పాదులో ఎండుటాకులు మందంగా పరిచి, ఒకరోజు బిందెలు బిందెలు పోసి వారం వదిలేయకుండా నీళ్లు సమానంగా పెట్టు. పిందె మీద నల్లమచ్చలుంటే ఫొటో పెట్టు, అది వేరే సంగతి. కాణిపాకం, మా ఇంట్లో రెండు చెట్లున్నాయి."

దాని కిందే ఇంకొకటి. "చెప్పేశాను, ఇక నవ్వుతా ఉండా. చెట్టుది ఏ రకం, వయసెంత, ఎక్కడుంది, నీళ్లెప్పుడు పెట్టావు, ఒక్కటీ రాయలేదు. ఐదు ముక్కలు అని ఊరందరికీ చెప్పే అడ్మిన్‌కి ఐదుకి సున్నా. ఫెయిల్. సప్లిమెంటరీ రాయి."

నవ్వు బొమ్మలు ఈసారి లెక్కపెట్టలేదు. సాయంత్రం ఇంటికి పోయి చెట్టు చూసి, సప్లిమెంటరీ రాశాను: "తోతాపురి, ఏడేళ్లు, పెరట్లో పడమర గోడ పక్కన. చివరిసారి నీళ్లు పెట్టింది పది రోజుల కింద. మచ్చలు లేవు. ఫొటో ఇదిగో."